వినపడకుండా చదివిన వార్త

కావలి బస్సు కండక్టరు కిటికీలోంచి విసిరిన పేపరు నా కాళ్ల దగ్గర పడింది. పచ్చి సిరా వాసన, దాన్ని అంటుకుని డీజిలు వాసన. ఆ వాసనకు ఒక మహాగాథే రాయాలని కూర్చున్నాను: ఒక పక్క అధికారం, ఒక పక్క అక్షరం, నడుమ ఎన్నికలు. తీరా చూస్తే అందులో ఉన్నది ఒక ముసలాయన, ఒక పేపరు, కొన్ని చిరిగిన వలలు.

ఆయన పోలయ్య మామ. వయసులో మద్రాసు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చి, వేళ్లు వణకడం మొదలయ్యాక బోగోలు అవతల మా పాలేనికి తిరిగొచ్చాడు. పెళ్లాం పిల్లలు లేరు, పేపరుంది. మధ్యాహ్నం మావాళ్లు పందిట్లో వలలు బాగుచేసుకుంటుంటే పైకి చదివేవాడు. పేపరు పేరు దగ్గర మొదలై, ఆఖరి పేజీ అడుగున అచ్చు వేసినవాడి చిరునామా దాకా, ఒక్క ముక్క వదలకుండా. కాలేజీలో తప్పి వచ్చిన నాకు ఆయన పక్కన కూర్చుని వెక్కిరించడమే ఉద్యోగం.

"తలనొప్పి మాత్రల ప్రకటన గూడా చదవాలా మామా?"

"దాన్ని గూడా ఒకడు నిలబడి పేర్చినాడు రా."

అప్పట్లో నైలాను దారం కొత్త. నూలు వలలు ఊరికే కుళ్లిపోతుంటే, మా జాలర్ల సంఘానికి సర్కారు నైలాను వస్తుందని అందరూ కాచుకుని ఉన్నారు. అది పంచాయతీ ప్రెసిడెంటు బావమరిది కొట్టులో తేలిందని ఒకరోజు పేపర్లో పడింది. ఎన్నికల్లో నిలబడిందీ ఆ బావమరిదే. ప్రెసిడెంటు స్వయంగా పందిరికి నడిచొచ్చాడు.

"పోలయ్యా, అదొక్కటీ చదివి వినిపీబాక. మాటియ్యి."

పందిరి పంచాయతీది. మామ మాటిచ్చాడు.

ఆ మధ్యాహ్నం మూడో పేజీలో ఆ వార్త దగ్గర ఆయన నోరు ఆగింది. వేలు ఆగలేదు, వరస వెంట వరస దిగుతూనే ఉంది. వలల మీద చేతులన్నీ నిలిచిపోయాయి.

"ఏంది మామా, నోరు పడిపోయిందా?" అన్నాడొకడు.

"చదవతానే ఉండా."

"మాకు వినపళ్లా!"

"వినిపీనని మాటిచ్చినా. వదిలేస్తానని ఇయ్యలా."

వార్త చివరిదాకా వేలు దిగాక వేరుసెనగ ధరలు వినపడ్డాయి. ఆ సాయంత్రం ఇంటింటివాళ్లూ నన్ను పిలిచి ఆ వార్త చదివించుకున్నారు. నేనెవరికీ మాటివ్వలేదు గదా.

వారం తిరక్కుండా పందిట్లో పంచాయతీ రేడియో వెలిసింది, పైన మైకు. సరిగ్గా పేపరు వేళకే పాటలు. మామను ఎవరూ పొమ్మనలేదు. ఆయనే ఒడ్డునున్న పడవ నీడకు మారాడు. మొదటిరోజు ఆయనతో ఆరుగురు వెళ్లారు, తర్వాత ఇద్దరు, తర్వాత నేను. ఒకరోజు నేనూ వెళ్లలేదు. పాటలు బాగుండేవి, అంతకుమించి కారణం లేదు. పందిట్లోంచి చూస్తే ఇసుకలో ఒక మనిషి, కదిలే పెదవులు.

బావమరిది గెలిచాడు. ఆ నెలలోనే రేడియో బ్యాటరీ అయిపోయింది, కొత్తది రాలేదు. వలలవాళ్లకు అప్పటికే వినే అలవాటు పోయింది. నేనొక్కణ్ణే సిగ్గులేకుండా పడవ దగ్గరికి వెళ్లాను.

"ఇన్నాళ్లూ ఏమేం చదివినావు మామా?"

"అన్నీ చదివినా. నువ్వు వినలా." అని, ఆ రోజు పేపరు పేరు దగ్గర మొదలుపెట్టాడు.

పోయిన నెలలో మామ పోయాడు. ఇప్పుడు ఆ పడవ నీడలో నేను పైకి చదువుతున్నాను, వేలు పెట్టి. తలనొప్పి మాత్రలు కూడా వదలలేకపోతున్నాను. వెక్కిరించడానికి పక్కన ఎవరూ లేరు.

పేపరు ఇంకా ఆయన పేరు మీదే వస్తోంది. చందా ఈ నెలాఖరు దాకా ఉంది.