ముత్తమ్మ ఫోన్ బాగుచేశాను

ముత్తమ్మ, నలభై ఒక్క ఏళ్ళు. ఫోన్‌తో పనవగానే విమానం బొమ్మ నొక్కి కొంగున ముడేసుకుంటుంది. మొన్న ఆమె బ్యాటరీని కాపాడబోయి నేనేం చేశానో వినండి. తిట్టడం తర్వాత!

సరిహద్దు అవతల, తెలుగూ హిందీ కలిసే పామేడు దగ్గర ఒక ఊళ్ళో ఉపాధి పనికి కూలీల హాజరు చూసే మేట్ ఆమె. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి హాజరు యాప్‌లో అందరి ఫొటో తీయాలి. సిగ్నలేమో గుట్ట మీదే. పొద్దుటి ఫొటో పదకొండులోపు వెళ్ళకపోతే, పద్దెనిమిది మందీ పనికి రానట్టే.

ఆమె గురించి రాద్దామని వెళ్ళాను. తొమ్మిదిన్నరకి ఫొటో తీసింది, ఇక గుట్టెక్కి పంపాలి. ఇరవై శాతం చార్జ్!

"వెనకాల ఎన్ని యాప్‌లు నడుస్తున్నాయో చూశావా?" అంటూ ఫోన్ లాక్కున్నాను. ఆడవాళ్ళ చేతిలోది లాక్కుని "అలా కాదు, ఇలా" అనే మగవాళ్ళ మీద నేను రాసిన వ్యాసాలకి లెక్కలేదు, గమనించండి.

"వద్దు దీదీ, దాని సంగతి నాకెరికే."

వింటేగా! అన్నీ మూసేశాను. బ్యాటరీ ఎక్కువ తింటున్నది హాజరు యాపే. దాని డేటా మొత్తం క్లియర్ కొట్టేశాను.

ముత్తమ్మ తెరిచి చూసింది. "ఏంది దీదీ, ఫొటో ఏది?"

ఫొటో లేదు. లాగిన్ కూడా లేదు. నా ఫోనా? అడవిలో సిగ్నల్ వెతికి వెతికి ఎప్పుడో చచ్చింది. విమానం బొమ్మ నొక్కాలని నాకు తోచలేదు మరి.

"పట్నం దీదీ ఒక్క వేలితోటి మనందర్నీ మాయం జేసింది!" అందొకామె పార ఆనించుకుని. ఒకటే నవ్వులు.

ముత్తమ్మ మాత్రం అప్పటికే గుట్టెక్కుతోంది. పైన లాగిన్ అయి, విమానం బొమ్మ నొక్కి, దిగొచ్చింది. "మళ్ళ నిలబడుండ్రి!" అంది. నేనూ హుషారుగా వరసలో దూరాను.

"దీదీ, తట్ట మోయనోళ్ళు పక్కకి జరగాలె."

జరిగాను. ఫొటో తీసి మళ్ళీ గుట్టెక్కింది. సగం దారిలో నేను రాయి మీద కూలబడి రొప్పుతుంటే, పైనుంచి కేక: "హో గయా!" ఫొటో వెళ్ళింది. పదకొండుకి ఇంకా పది నిమిషాలున్నాయి. మిగిలిన చార్జ్ తొమ్మిది శాతం. దాంతోనే మధ్యాహ్నం ఫొటో కూడా పంపేసింది. ఫోన్‌ని అంత ఒడుపుగా వాడే మనిషిని నేనింతవరకూ చూడలేదు.

సాయంత్రం ముత్తమ్మ ఫోన్‌కి లాక్ పెట్టుకుంది.