దొంగ గట్టయ్య గల్లీ

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కాపురముంటూ, ఎవరడిగినా "మాది అబీడ్స్" అని చెప్పుకునే మనిషి వామన్‌రావు. పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయడానికి లేదు. గల్లీ మొదట్లో నిలబడి మెడ బాగా సాచితే అబీడ్స్ వైపు పోయే రోడ్డు కనిపిస్తుంది. ఆ రోడ్డుకు సిమెంటు పడింది, పొద్దుగూకితే కరెంటు దీపాలు వెలుగుతాయి, మోటార్లు దిగిన దొరసానులు షాపుల్లోకి నడుస్తారు. గల్లీలో మాత్రం వానొస్తే మోకాలి లోతు బురద, చీకటి పడితే కందిళ్లు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న మాట ఈ గల్లీని చూసే అన్నారేమో.

వామన్‌రావు సర్కారు కచేరీలో గుమాస్తా. షేర్వానీ, రూమీ టోపీ, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఇల్లు కొట్టుకుపోతే ఆయన తండ్రి ఇక్కడికొచ్చి ఈ పెంకుటిల్లు కట్టాడు. ఇంటితో పాటు వీధి అరుగు కూడా కొడుక్కి దక్కింది. ఆ అరుగు మీద కూర్చుని ఊరందరికీ తీర్పు చెప్పే అలవాటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు, తనే సంపాదించుకున్నాడు. సాయంత్రం కచేరీ నుంచి రాగానే కాళ్లు కడుక్కుని అరుగెక్కేవాడు. పక్కింటి బడిపంతులు విద్యాసాగర్ బుగ్గన పాన్ పెట్టుకుని వచ్చి చేరేవాడు. ఇక ఏ మొహల్లా ఎట్లాంటిదో పంచాంగం చదివినట్టు సాగేది. కోఠీలో జేబు భద్రం, బేగం బజార్‌లో తూకం భద్రం. బషీర్‌బాగ్ వాళ్లంతా పెద్దమనుషులు. పెద్దమనుషులు కాక ఏమవుతారు, వాళ్ల గోడలు ఎత్తు, లోపల ఏం జరిగినా బయటికి కనబడదు.

గల్లీ కొసన, రైలుకట్ట పక్కన, కొన్ని గుడిసెలుండేవి. నల్లగొండ పల్లెల నుంచి, పంటలు ఎండి, వెట్టి చేయలేక వచ్చి పడినవాళ్లవి. వామన్‌రావు దృష్టిలో గల్లీకి పట్టిన తెగులు అవే.

"గీ గుడిసెలు రాకముందు మన గల్లీల ఏ తలుపుకు తాళం లేకుండె" అనేవాడు. వాళ్ల నాన్న వాకిలికి పిడికిలంత తాళం వేసుకునేవాడని విద్యాసాగర్‌కు తెలుసు. అయినా పాన్ నములుతూ తలూపేవాడు. అబీడ్స్‌లో ఎవరి జేబు తెగినా, నాంపల్లి సరాయిలో ఎవరి మూట పోయినా, వామన్‌రావు గడ్డం గుడిసెల వైపు లేచేది. "నిప్పు లేనిదే పొగ వస్తదా?" అదీ ఆయన ఊతపదం.

ఆ గుడిసెల్లోనే గట్టయ్య ఉండేవాడు. స్టేషన్‌లో కూలీ, భుజానికి ఇత్తడి బిల్ల. భార్య పూలమ్మ వామన్‌రావు ఇంట్లో గిన్నెలు తోమేది, బావి నీళ్లు తోడి పోసేది. రావుగారి చుట్టాలు రైలు దిగితే గట్టయ్య వాళ్ల పెట్టెలు ఇంటిదాకా మోసుకొచ్చి, పైస ముట్టకుండా, రావుగారి ఇల్లాలు అనసూయమ్మ పోసిన మజ్జిగ తాగి పోయేవాడు. "గుడిసెలల్ల గీ ఒక్కడు మంచోడు" అనేవాడు వామన్‌రావు. ఆ ఒక్కణ్ణి మెచ్చుకున్నట్టే ఉండేది, మిగతా అందరి చెంపా పగిలేది.

పంతొమ్మిది వందల నలభై దగ్గర పడుతున్న రోజులవి. గల్లీలకు సిమెంటు వేసే, దీపాలు పెట్టే పని మొదలైంది. వామన్‌రావు ఎన్ని అర్జీలు పెట్టాడో ఆయనకే గుర్తు లేదు. చివరికి ఒక ఓవర్సీరు గొలుసు పట్టుకుని కొలతకు వచ్చాడు. గల్లీ అంతా నడిచి, అరుగు మీద చాయ్ తాగి, "వానలు తగ్గినంక మీ దిక్కే చూద్దాం రావుసాబ్. ముందుగాల షరీఫులు, పెద్దమనుషులు ఉండే గల్లీలు, తర్వాత మిగిలినవి" అని చెప్పి వెళ్లాడు. ఆ మాట విన్నప్పటి నుంచి వామన్‌రావుకు కంటి మీద కునుకు లేదు. తన వాకిట్లో కరెంటు దీపం వెలగాలి. దాని కింద కూర్చుని "మాది అబీడ్స్" అంటే ఇక ఎవడూ నవ్వకూడదు. ఆయన బతుకులో మిగిలిన కోరిక అంతే. గల్లీ పేరుకు మరక పడకుండా కాచుకోవడమే పనిగా పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో వెండి చెంబు పోయింది.

అనసూయ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెంబు, రోజూ పూజకు నీళ్లు పట్టేది. ఇల్లంతా వెతికారు, దొరకలేదు. పోలీసులకు చెబుదామంది అనసూయ. వామన్‌రావు కళ్లెర్ర జేశాడు.

"జవాను గల్లీల కాలు పెడితే ఓవర్సీరు చెవుల పడదా? దీపాలు వద్దంటవా? మన దొంగను మనమే పట్టుకుందాం."

బేగం బజార్‌లో బిచ్చయ్య అని ఒకడు మంత్రించిన బియ్యం ఇచ్చేవాడు. అనుమానం ఉన్నవాళ్లంతా ఆ బియ్యం నమిలి ఉమ్మాలి. తప్పు చేయనివాడి నోట తడిసి పిండిలా పడతాయట. దొంగకు భయంతో నోరెండిపోతుంది కాబట్టి గింజలు పొడిగా రాలతాయట. ఆ కాలాన ఊళ్లో సగం దొంగతనాలకు తీర్పు ఆ బియ్యమే.

శనివారం మధ్యాహ్నం గుడిసెల జనమంతా అరుగు ముందు వరసగా నిలబడ్డారు. పక్కా ఇళ్ల వాళ్లు కిటికీల్లోంచి, వాకిళ్లలోంచి తమాషా చూస్తున్నారు. అనసూయ గడప లోపల నిలబడి మెల్లగా అంది, "మనింటోళ్లు గూడ నమలాలె గద?"

"మనింట్ల దొంగలున్నరా?" అన్నాడు వామన్‌రావు.

ఒక్కొక్కరే నమిలారు, ఉమ్మారు. పూలమ్మ ఉమ్మింది. బండ మీద తడి ముద్దలు పడుతున్నాయి. గట్టయ్య స్టేషన్ నుంచి ఆలస్యంగా వచ్చాడు. నెత్తి మీది ఎర్ర గుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకున్నాడు.

"రావుసాబ్, ఇయ్యాల శనివారం. యాదగిరి నర్సింహస్వామికి ఒక్కపొద్దు ఉన్న. పొద్దుగూకేదాంక గింజ ముట్ట. రేపు పొద్దుగాల మీరేమిస్తె గది నములుత."

వామన్‌రావుకు ఒక్కపొద్దు తెలియనిది కాదు. ఆయన కూడా శనివారాలు ఉపవాసమే, కాకపోతే ఉప్మా, పాలూ పళ్లూ నడుస్తాయి. ఆగుదామా అనుకుంటూ ఆయన బిచ్చయ్య వైపు చూశాడు.

"మంత్రం రేపటిదాంక నిలువదు" అన్నాడు బిచ్చయ్య.

"దొంగలు గూడ ఉపాసాలు పట్టవట్టిరి" అన్నాడు విద్యాసాగర్. కిటికీల్లో నవ్వులు లేచాయి.

గట్టయ్య వంగి చేయి చాచాడు. పిడికెడు బియ్యం నోట్లో పోసుకున్నాడు. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగని నోరు. అందులోనూ ఒక్క గింజ గొంతు దిగినా స్వామి దగ్గర ఒక్కపొద్దు చెడుతుందని భయం. నాలుకను వెనక్కి పట్టి, ఊపిరి బిగబట్టి, నమిలీ నమలనట్టు నాలుగు సార్లు దవడ ఆడించి ఉమ్మాడు. గింజలు పొడిగా, గలగలమని బండ మీద రాలాయి.

వామన్‌రావుకు తెలియకపోలేదు. ఉపవాసం ఉన్నవాడి నోట తడి ఎక్కడిది అన్న ముక్క ఆయన మనసులోకి వచ్చింది కూడా. కానీ గల్లీ అంతా తన వైపే చూస్తోంది, తీర్పు కోసం. ఇన్నేళ్లు అరుగెక్కి కూర్చున్నవాడు ఇప్పుడు తెలియదంటే ఎట్లా?

"నిన్ను మంచోడనుకున్న గదరా గట్టయ్య" అన్నాడు.

ఆయన అన్నది అంతే. ఎవరినీ కొట్టమనలేదు, తిట్టమనలేదు. కొట్టడానికి, తిట్టడానికి మిగతావాళ్లున్నారు. పెద్దమనిషి చేతికి మట్టి అంటదు. అనసూయ లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఒక్క మాటంది, "నోరు మంచిదైతె ఊరు మంచిది అంటరు." ఆయన విననట్టు తిన్నాడు.

గుడిసె పీకేశారు. కూలీల మేస్త్రీ గట్టయ్య బిల్ల లాక్కున్నాడు. దొంగకు పరాయి పెట్టెలు ఎవరు అప్పజెపుతారు? గట్టయ్య బేగం బజార్‌లో మూటలు మోద్దామని వెళ్తే అక్కడికి పేరు ముందే చేరింది. చేరవేసింది బిచ్చయ్యే. "నాంపల్లి దొంగ గట్టయ్యను పట్టించింది నా బియ్యమే" అని దుకాణం దుకాణానికీ చెప్పుకుని తన గిరాకీ పెంచుకున్నాడు. గట్టయ్య ఊరికి పోయాడు. పూలమ్మ మాత్రం స్టేషన్ గేటు దగ్గర నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు పెట్టుకుని అమ్ముకుంటూ ఉండిపోయింది.

వానలు తగ్గాయి. సిమెంటు గల్లీ మొదటిదాకా వచ్చి పక్కకు తిరిగిపోయింది. వామన్‌రావు గొడుగు పట్టుకుని ఓవర్సీరు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ దొంగల గల్లీనా? దీపం పెడితే దీపముండదు, తీగ ఏస్తే తీగ ఉండదు" అన్నాడు ఓవర్సీరు.

"ఆ దొంగను మేమే పట్టుకున్నం గద సాబ్."

"మీరు పట్టుకున్నరు కాబట్టే అందరికి తెలిసింది రావుసాబ్."

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. సిమెంటు లేదు, తీగ లేదు, ఉన్న దీపాలకే నల్ల కాగితాలు చుట్టారు. వామన్‌రావు పింఛను పుచ్చుకున్నాడు. టాంగావాళ్లు, పాలవాళ్లు, పోస్టు జవాను, అందరి నోటా గల్లీకి ఒకటే పేరు స్థిరపడింది. ముప్పై ఏళ్లు ఆయన అరుగు మీద కూర్చుని గల్లీకి పేరు తేవాలని చూశాడు. పేరైతే వచ్చింది.

యుద్ధం ముగిసే ఏడాది ఎండలు మండిపోయాయి. నల్లాలో చుక్క లేదు. ఎన్నో ఏళ్లుగా పట్టించుకోని ఇంటి బావిలో పూడిక తీయించాడు వామన్‌రావు. నల్లటి బురద, పగిలిన కుండ పెంకులు, తెగిన చేంతాడు పైకి వచ్చాయి. వాటి తర్వాత వచ్చిన గంపలో, నల్లబారి సొట్టపడి, వెండి చెంబు.

అనసూయ దాన్ని కడగలేదు. అట్లాగే ఒళ్లో పెట్టుకుని బావి గట్టు మీద కూలబడింది.

"ఆ పొద్దు పూలమ్మ రాకపోతే నేనే నీళ్లు తోడుకున్న. చెంబు గిలక పక్కన నేనే పెట్టిన. ఇప్పుడు యాదికొస్తున్నది" అంటూ ఏడ్చింది.

దొంగ లేడు, దొంగతనమూ లేదు. బావిలోకి జారిన చెంబుకు ఒక మనిషి బతుకు బలైపోయింది.

వామన్‌రావు మరీ అన్యాయస్తుడు కాడు. చెంబు దాచేయవచ్చు, దాచలేదు. ఆ సాయంత్రమే అరుగు మీద విద్యాసాగర్ ముందు పెట్టి సంగతంతా చెప్పాడు. విద్యాసాగర్ చెంబును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బావిల దొరికిందంటే ఏంది? బియ్యం మంత్రిస్తున్నరని తెలిసి, భయపడి బావిల ఏసిండు. నిప్పు లేనిదే పొగ వస్తదా రావుసాబ్? మీరే అంటుంటిరి."

వామన్‌రావు చెంబును వెనక్కి తీసుకున్నాడు. ఆ మాట నేర్పింది తనే. నేర్చుకున్నవాళ్లు గట్టిగా నేర్చుకున్నారు.

మర్నాడు స్టేషన్‌కు వెళ్లాడు. మోకాళ్ల నొప్పులు, అయినా నడిచే వెళ్లాడు. పూలమ్మ గోనెపట్ట మీద నిమ్మకాయలు పోగులు పెడుతోంది. జుట్టు నెరిసింది. ఆయన్ను చూసి కొంగు సర్దుకుంది.

"పూలమ్మ, చెంబు దొరికింది. బావిలుండె."

"దొరికిందా" అంది. చేతులు పోగులు పెడుతూనే ఉన్నాయి.

"గట్టయ్య తప్పేం లేదు."

"నాకు తెల్వదా రావుసాబ్."

"నీకు చెప్పాలె అని వచ్చిన. గట్టయ్య ఏడి?"

"ఊర్లె సచ్చిపోయిండు. సలిజెరం." ఇంకో నిమ్మకాయ పోగు మీద పెట్టి ఆమే మళ్లీ అంది. "నాకొక్కదానికి చెప్తె ఏమొస్తది? ఆనాడు నాకొక్కదానికే చెప్పిన్రా? గల్లీ అంత నిలవెట్టి అంటిరి గద."

వామన్‌రావు గొడుగు పిడి మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"దొంగన్నరని ఆయన ఏడ్వలే. మీకు తెల్వదు" అంది పూలమ్మ. "పానం పోయేదాంక గాయినది ఒకటే రంది. ఆనాడు ఒక గింజ లోపలికి పోయిందేమో, స్వామి ఒక్కపొద్దు చెడిందేమో అని. పోలేదయ్యా అని నేను ఎంత చెప్పినా ఇనలే. గంత బయపడ్డోడు రావుసాబ్. మీ చెంబు ఎత్తుకపోతడా?"

బేరానికి ఎవరో వచ్చారు. ఆమె నిమ్మకాయలు ఏరివ్వడంలో పడింది. ఆయన కూలీల వైపు నడిచాడు, అందరికీ వినబడేట్టు చెబుదామని. అప్పుడే బండి వచ్చింది. ఎర్ర గుడ్డలవాళ్లంతా డబ్బాల వైపు ఉరికారు, ముసలాయన్ను తోసుకుంటూ. వాళ్లలో గట్టయ్యను ఎరిగినవాడు ఒక్కడూ లేడు. పేరు తెలిసినవాళ్లు మాత్రం అందరూ.

తిరిగి నడిచే ఓపిక లేక టాంగా ఎక్కాడు.

"ఏడికి సాబ్?" అన్నాడు టాంగావాడు, పాతికేళ్ల పిల్లగాడు.

అలవాటు చొప్పున అబీడ్స్ అనబోయి ఆగాడు. "స్టేషన్ వెనక గల్లీకి. వామన్‌రావు ఇల్లని ఉంటది."

"వామన్‌రావు ఎవరో తెల్వదు సాబ్. దొంగ గట్టయ్య గల్లీయేనా?"

గట్టయ్య దొంగ కాడని చెప్పడానికి వామన్‌రావు నోరు తెరిచాడు. నాలుక పిడచగట్టుకుపోయింది, మాట రాలేదు. గుర్రం చెవులాడిస్తూ నిలబడింది. టాంగావాడు వెనక్కి తిరిగి జవాబు కోసం చూస్తున్నాడు.

"ఔ" అన్నాడు వామన్‌రావు. "గాడికే పోనియ్యి."