పడమటెండలో మా ఎర్ర కారు

మొన్న ముందు బంపరుకు పడిన సొట్ట తీయించుకుందామని మా పాత కారును సూర్యాపేటలోని ఒక పెయింటింగు షెడ్డుకు తీసుకువెళ్తే, అక్కడి పెయింటరు దాని చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద వేలితో గీసి చూసి, "పెద్దసారూ, గీ గులాబీ రంగు యాడ కొట్టిచ్చిండ్రు?" అని అడిగాడు.

గులాబీ కాదు, ఎరుపు అన్నాను. నవ్వాడు. "ఎరుపు గింతే సార్, ఎండకు ఆగది. తెల్లది కొడ్త, ఇగ పరేషానే ఉండది."

అతని తప్పేమీ లేదు. ఎర్ర రంగు వెలిసిపోతుందా అని ఎవరైనా అడిగితే వెలిసిపోతుందనే నేనూ చెబుతాను. మాది ఎందుకు వెలిసిపోయిందో కూడా చెప్పి గాని వదలను. పైగా ఆ ఆదివారమే కోదాడలో మా అక్క మనవరాలి నిశ్చితార్థం. కారుకు రంగైనా వేయించు, లేదా కిరాయి కారులో రా, మగపెళ్లివారి ముందు మన పరువు తీయకు అని అక్క రోజూ ఫోనులో పోరుతూనే ఉంది.

మిర్యాలగూడలో మాకు రైసుమిల్లు ఉన్న రోజుల్లో నాన్నగారు కొన్న కారు అది. పెద్దమనుషులంతా తెలుపో నలుపో కొనుక్కునే ఆ కాలం నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆయన మాత్రం ఎరుపే కావాలని కోరి తెప్పించుకున్నారు. కాలువ గట్టు మీది నుంచే అది కనిపించేది, గేటు ముందు ఎర్రగా మెరిసిందంటే యజమాని లోపల ఉన్నారని లారీల వాళ్లకూ హమాలీలకూ తెలిసిపోయేది. మిల్లు ఊక దుమ్ము రోజూ దాని మీద పొరగా పడేది. ఆ దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే, కాబట్టి ముందు నీళ్లు ధారగా పోసి, ఆ తరువాతే పాత పంచె ముక్కతో తుడవాలని నాన్నగారి నియమం. ఒకసారి నేను తొందరపడి గోనెసంచితో రుద్ది ఎడమ తలుపు నిండా గీతలు పెట్టాను. ఆయన తిట్టలేదు, నెల రోజులు నా చేతనే నీళ్లు మోయించారు.

తరువాత మిల్లు చేజారింది. ఎలా జారిందో చెప్పుకుని జాలి అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. సూర్యాపేటలో చిన్న కిరాయి ఇంటికి వచ్చాం. పక్కింటాయన మంచివాడు, తన రేకుల షెడ్డులో కారు పెట్టుకోమన్నాడు. నాన్నగారు వద్దన్నారు. షెడ్డులో పెడితే మనం ముఖం చాటేశామనుకుంటారని ఆయన పట్టుదల. బతికినన్నాళ్లూ దాన్ని వీధిలోనే, పడమటికి ముఖం పెట్టి నిలబెట్టారు. ఏళ్ల తరబడి మధ్యాహ్నపు ఎండంతా బానెట్ మీదే పడింది. ముందు భాగం గులాబీ అయింది అందుకే. వెనక డిక్కీ ఇప్పటికీ ఎర్రగానే ఉంది.

సొట్ట మాత్రమే తీయించి, కోదాడకు ఆ కారులోనే వెళ్లాను. ఫంక్షన్ హాలు ముందు తెల్ల కార్ల వరుసలో ఆపగానే మగపెళ్లివారి తాలూకు పెద్దాయన ఒకరు దగ్గరికి వచ్చి, "ఏమండీ బావగారూ, పెళ్లికూతురి చీరకు మ్యాచింగా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తలుపు బార్లా తెరిచాను. తలుపు అంచు లోపల, ఎండ ఎన్నడూ తాకని చోట, కొన్ననాటి ఎరుపు అలాగే ఉంది. ఆయన వంగి చూసి, "అబ్బో, ఇదా అండీ అసలు రంగు!" అన్నారు. ఇక ఎవరూ నవ్వలేదు.

అక్క ఎప్పుడు వచ్చిందో, ఆ అంచు మీద వేలు ఆనించి చూసింది. తరువాత, "ముందుగాల నీళ్లు పోసే తుడిసినవా?" అని మాత్రం అడిగింది. ఆఁ అన్నాను.

తిరిగి వస్తూ హైవే పొడవునా చూశాను, అన్నీ తెల్ల కార్లు, బూడిద రంగు కార్లు. దూరం నుంచి రంగు చూసి మనిషిని గుర్తుపట్టే రోజులు పోయాయి. ఇప్పుడు ఏ కారు ఎవరిదో నంబరు చదివితే గాని తెలియదు. మా వీధిలో కూడా ఎవరి కారుకు వారు కవరు కప్పుకుంటున్నారు. మాది మాత్రం ఇవాళ కూడా బయటే ఉంది, పడమటికి ముఖం పెట్టి.