ఆఫ్ అంటే ఆఫ్ అనాలి

నేను చెప్పే మాటల్లో సగం కోతలని నంద్యాల బస్టాండు టీ కొట్టు నుంచి మా ఇంటి వంటగది దాకా అందరికీ తెలుసు. ఒప్పుకుంటా. కానీ ఇది ఆ సగంలోది కాదు. నా కుడి చేతి మీద ఒట్టు. తల మీద ఎందుకు వేయలేదంటే... ఆ రాత్రి ముందు పోవలసింది చెయ్యే. తల ఆ తర్వాత.

నాకు బుల్లెట్ బండ్ల షెడ్డు ఉంది. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది. నేను దాన్ని అంతకు ముందే వదిలేశాను. చప్పుడు విని బండి రోగం చెప్తానని కాస్త పేరుంది. ఆ పేరు విని ఓబుళరెడ్డన్న వచ్చి నన్ను ఆళ్లగడ్డ అవతల తన చేలోకి తీసుకెళ్లి విమానం ముందు నిలబెట్టాడు.

నవ్వకండి. విమానమే. పసుపుది. ఒకరి వెనక ఒకరు, ఇద్దరు పట్టేది. రెక్కలకు రేకు కాదు, గుడ్డ. మా నాయన కంటే పాతది. రెడ్డన్న వయసులో ఉన్నప్పుడు పొలాల మీద మందు కొట్టే విమానాలు నడిపాడు. ఆ పని పోయాక సేద్యంలోకి దిగాడు గానీ, మనసు మాత్రం కిందికి దిగలేదు. ఎక్కడో మూతపడిన ఫ్లయింగ్ క్లబ్బులో మగ్గిపోతున్న దీన్ని లారీ మీద వేసుకొచ్చాడు. ఏళ్ల తరబడి తిరిగి అనుమతులు తెచ్చుకున్నాడు. చేలోనే పొడుగ్గా దారి చదును చేసుకున్నాడు. దాన్ని పెట్టిన షెడ్డు ఒకప్పుడు విగ్రహాలు చెక్కేవాళ్లది. వాళ్లు వదిలేసిన సగం దేవుళ్లు ఇప్పటికీ గోడకు ఆనుకొని ఉన్నారు. ఒకాయనకు ముక్కు దాకా వచ్చింది. కళ్లు రాలేదు.

రోగం ఏమిటంటే... ఇంజను బాగానే తిరుగుతుంది. తిరిగి తిరిగి, ఉన్నట్టుండి డుక్కు... డుక్కు... అని కుంటుతుంది. మళ్లీ దానంతట అదే సర్దుకుంటుంది. మనం పానా పట్టుకొని దగ్గరికి పోతే చాలు, ఏమీ ఎరగనట్టు పాట పాడుతుంది. మా అత్తకూ ఇదే జబ్బు. డాక్టరు ముందు కూర్చుంటే నొప్పే ఉండదు.

ప్లగ్గులు మార్చాం. కార్బురేటర్ విప్పి కడిగాం. పెట్రోల్లో నీళ్లున్నాయేమోనని సీసాలో పట్టి చూశాం. ఏమీ లేదు. కానీ గంటకోసారి... డుక్కు.

అలా రోజులు గడిచాయి. ఇక తెల్లారితే హైదరాబాదు నుంచి ఇంజనీరు వస్తాడు. చూసి, ఎగరొచ్చని సంతకం పెడితే రెడ్డన్న దాన్ని పైకి లేపుతాడు. ఆ ఇంజనీరు చూస్తున్నంతసేపూ ఇంజను దగ్గదని నాకు తెలుసు. దగ్గేది పైకి పోయాకే. కింద చూస్తే అటు కొండలు, ఇటు ఊరు. ఆ సాయంత్రం రెడ్డన్న నా భుజం మీద చెయ్యేసి ఒకటే మాట అన్నాడు.

"ఆయప్ప సంతకం సంగతి కాదు మద్దిలేటీ. నువ్వు సరే అంటేనే ఎక్కుతా."

నా మాట నమ్మి ఎవరూ బస్సు కూడా ఎక్కరు. ఈయన విమానం ఎక్కుతానంటున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ఇంజనుకు సెల్ఫ్ లేదు, కిక్కు లేదు. ముందున్న చెక్క ఫ్యాన్‌ను చేత్తో పట్టి తిప్పాలి. అందుకే దానికొక కట్టుబాటు ఉంది. ఫ్యాన్ దగ్గరున్న మనిషి "ఆఫ్" అనాలి. లోపల కూర్చున్న మనిషి స్విచ్చిని కంటితో చూసి, "ఆఫ్" అని తిరిగి చెప్పాలి. ఆ జవాబు వినకుండా ఫ్యాన్‌ను ముట్టుకోకూడదు. స్టార్టు చేసేటప్పుడు ముందు ఆఫ్‌లోనే రెండు చుట్లు తిప్పి పెట్రోలు లోపలికి లాగించాలి, ఆ తర్వాత "ఆన్" అంటే "ఆన్". మొదటిరోజు నేను ఇదేదో పెళ్లిమంత్రంలా ఉందని ఎగతాళి చేస్తే రెడ్డన్న నవ్వలేదు.

"ఊరికే అనగూడదు. చూసి చెప్పాల" అన్నాడు.

ఆ రాత్రి అన్నం తిన్నాక మళ్లీ మొదలుపెట్టాం. చార్జింగ్ లైటు ఇంజను మీదికి వేలాడదీశాను. వెలుగంతా నా కళ్లలోనే. వెనక సీట్లు రెండూ చీకట్లో ఉన్నాయి. ఒకసారి స్టార్టు చేశాం. బాగా తిరిగింది. తిరిగింది... డుక్కు. రెడ్డన్న ఎప్పటిలాగే పెట్రోలు కొళాయి కట్టేసి ఇంజను ఆపాడు. ఆయనకు స్విచ్చితో ఆపే అలవాటు లేదు. పెట్రోలు సరిగా దిగుతుందో లేదో చూడాలని నేను ఆ కొళాయి మళ్లీ తెరిపించాను. స్విచ్చి ఆఫ్‌లో పెట్టి ఆయన సీట్లోనే కూర్చున్నాడు. నేను ఇంజనులో తల దూర్చాను.

ఎంతసేపు దూర్చానో తెలియదు. వేడి ఇనుము చల్లారుతోంది. టిక్... టిక్... పురుగులు లైటు కోసం వచ్చి రెక్క గుడ్డకు తగులుతున్నాయి. డబ్... డబ్... చెవికి ఇంకేమీ లేదు.

ఫ్యాన్‌ను మెల్లగా తిప్పి ఒక్కో సిలిండరు బిగువు చూద్దామనిపించింది. ముందుకొచ్చి నిలబడ్డాను. కట్టుబాటంటే ఫ్యాన్ ముట్టుకోకముందే అడగాలి. నేను అప్పటికే కుడిచెయ్యి వేసేశాను. చెక్క చల్లగా ఉంది.

"ఆఫ్" అన్నాను.

జవాబు లేదు. కునుకు పట్టిందేమో అనుకున్నాను.

సీటు స్ప్రింగు కిర్రుమంది. ఎవరో ముందుకు వంగినట్టు...

"ఆన్."

గట్టిగా కాదు. పక్కన కూర్చున్న మనిషి మామూలుగా చెప్పినట్టు. పొడిగా.

పొద్దుటి నుంచి ఆయన్ను నేను ఆటపట్టిస్తూనే ఉన్నాను. బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. "అన్నా, రొంచేపు ఎగతాళి మాను. చెయ్యి ఫ్యాన్ మీద ఉండాది" అని, మళ్లీ అడిగాను.

"ఆఫ్."

ఈసారి ఆలస్యం లేదు.

"చూసే చెప్తాండా. ఆన్."

నాకు కోపం రావాలి. రాలేదు. తిప్పుదామా, వద్దా... వేళ్లు చెక్క మీదే ఉన్నాయి. పురుగుల చప్పుడు ఆగిపోయింది. టిక్... కూడా ఆగిపోయింది.

అప్పుడు నా వెనక, షెడ్డు వాకిలి అవతల, చెప్పుల చప్పుడు. టార్చి వెలుగు నా కాళ్ల మీద పడింది.

"మద్దిలేటీ, టీ తెచ్చినా. చల్లారక ముందే తాగు."

రెడ్డన్న గొంతు. నా వెనక నుంచి.

నేను తల తిప్పలేదు. ముందు చెయ్యి తీశాను. ఒక్కో వేలు... ఒక్కోటిగా... నిద్రపోతున్న పాము మీంచి తీసినట్టు. తర్వాత పక్కకు జరిగి, లైటు తిప్పి సీట్ల మీదికి కొట్టాను.

ముందు సీటు ఖాళీ. వెనక సీటు ఖాళీ. బెల్టులు వేలాడుతున్నాయి. కదలడం లేదు.

నేను ఇంజనులో తల పెట్టుకొని ఉండగానే ఆయన దిగి చేలో ఉన్న ఇంటికి టీకి పోయాడట. నాకు చెప్పే పోయాడట. ఊ అన్నానట. నేనిది చెప్తే ఆయన ముందు నవ్వాడు. ఎన్నేళ్లుగా కోతలు కోసినందుకు ఇదీ ఫలితం. ఆయన వంగి స్విచ్చి మీద టార్చి వేశాడు.

"ఆఫ్‌లోనే ఉండాది గదప్పా. నన్నే ఆడిస్తాండావా?"

నేను తీగలు పరీక్షించే మీటరు అడిగాను. నా గొంతు విని ఆయన నవ్వు ఆగిపోయింది.

మీకు ఈ ఒక్క ముక్క చెప్పాలి. ఈ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండు. బ్యాటరీతో పని లేదు. ఫ్యాన్ కదిలితే రవ్వ పుడుతుంది. స్విచ్చి ఆఫ్ చేయడమంటే ఆ రవ్వను ఒక తీగ గుండా ఇంజను ఒంట్లోకి పంపి చంపేయడం. ఆ తీగ తెగితే స్విచ్చి ఎటున్నా ఒకటే. రవ్వ బతికే ఉంటుంది, ఫ్యాన్ కదిపితే ఇంజను లేస్తుంది.

మీటరు పెట్టాను. రెండు మాగ్నెటోల తీగల్లో ఒకటి పలకలేదు. స్విచ్చి వెనక పలక విప్పి చూస్తే దాని కొస తెగి గాలిలో వేలాడుతోంది. కొంచెం ముందుకు పోతే అదే తీగకు పైతొడుగు అరిగి రాగి బయటపడి ఉంది. ఇంజను అదిరినప్పుడు ఆ రాగి ఇనుముకు తగులుతుంది. ఒక మాగ్నెటో చచ్చిపోతుంది. డుక్కు... డుక్కు. తగలడం ఆగితే మళ్లీ పాట. అన్నాళ్లూ మేము వెతికింది అదే.

కొళాయి తెరిచి ఉంది. ఇంజను వేడిగా ఉంది. రవ్వ బతికి ఉంది. ఫ్యాన్ మీద నా చెయ్యి.

రెడ్డన్న పోయి ఆ కళ్లు లేని దేవుడి పక్కన రాతి మీద కూలబడ్డాడు. "తిప్పింటే..." అన్నాడు. అంతే. టీ ఇద్దరం తాగలేదు.

ఆ రాత్రే తీగ మార్చాను. ఆ తర్వాత వాకిట్లో నిలబడి నా గొంతే తిరిగొచ్చిందేమోనని ఆఫ్, ఆఫ్ అని గొంతు పోయేలా అరిచాను. షెడ్డు రేకుల నుంచి తిరిగొచ్చింది కూడా ఆఫే. ఒక్కసారి కూడా ఆన్ రాలేదు. నా బుర్రే నాకు చెప్పిందా? తీగ సంగతి నా బుర్రకు తెలిస్తే కదా. ఒకప్పుడు దాన్ని నడిపి చచ్చిపోయినాయన ఎవరైనా అనుకుందామంటే ఆ విమానం మన వైపుది కాదు. ఆ గొంతు మాత్రం... చెప్తాండా అంది. మన వైపు మాటే.

పొద్దున ఇంజనీరు వచ్చాడు, ఇంజను చప్పుడు విన్నాడు, సంతకం పెట్టాడు. రెడ్డన్న ఆయన్ను చూడలేదు. నన్ను చూశాడు.

"సరేనా?"

"సరేన్నా" అన్నాను. నా జన్మలో ఎగతాళి కలపకుండా అన్న మాట అదొక్కటే అనుకుంటా.

ఆయన ఎక్కి కూర్చున్నాడు. నేను ఫ్యాన్ ముందు నిలబడ్డాను. ఈసారి చేతులు వెనక్కి కట్టుకొని.

"ఆఫ్."

రెడ్డన్న స్విచ్చి చూశాడు. "ఆఫ్."

నేను తిప్పలేదు. ఆయన కూడా తిప్పమనలేదు. మెడ తిప్పి వెనక సీటు వైపు చూస్తున్నాడు.

పైకి పోయాడు, చుట్టి దిగాడు. ఇంజను దగ్గలేదు. ఆ తర్వాత చాలాసార్లు పోయాడు. ప్రతిసారీ ఇంతే. నేను ఆఫ్ అంటాను. ఆయన ఆఫ్ అంటాడు. ఆ తర్వాత ఇద్దరం నోరు మూసుకొని కొంచెంసేపు ఆగుతాం...

ఇంకెవరూ ఏమీ అనకపోతేనే తిప్పుతా.