అన్నపూర్ణమ్మ కొట్లో నీలవేణి సైజు

అరకు బజారులో అన్నపూర్ణమ్మ రెడీమేడ్ కొట్లో సైజులుండేవి కావు, మనుషులుండేవారు. కింది అరలో బేబి, దాని మీద నీలవేణి, అన్నిటికన్నా పైన రాజులమ్మ. విశాఖపట్నం నుంచి కిరండోల్ పాసింజర్లో బట్టల మూటలు దిగేవి. మూట విప్పగానే ఆవిడ చేసే మొదటి పని, కత్తెర తీసుకుని ప్రతి నైటీకీ, ప్రతి పంజాబీ డ్రెస్సుకీ మెడ వెనక లేబులు కత్తిరించి పారెయ్యడం. తరవాత దాన్ని రెండు చేతులా చాపి, కళ్ళు చికిలించి, "ఇది రాజులమ్మ" అని పై అరలోకి విసిరేది.

"సైజు దాని మీదే ఉంటుంది కదండీ!" అని ఎవరైనా అన్నారా, అయిపోయారన్నమాటే.

"ఏటి సైజు? ఈ కంపెనీ ఎమ్ములో ఆ కంపెనీ ఎల్లు దూరిపోతాది. బొంబాయోడి డబల్ ఎక్సెల్లు మా బేబికి సంకలో పట్టేసింది. అసలు ఎల్లంటే ఎవులమ్మా? ఆవిణ్ణి ఎప్పుడైనా సూసేవా? రాజులమ్మని అందరూ సూసేరు."

శుక్రవారం సంతకి కొండ దిగి వచ్చే ఆడవాళ్ళకి ఎల్లూ ఎమ్మూ అక్కర్లేదు. సంతలో పసుపు కొమ్ములమ్మే రాజులమ్మ మాత్రం అందరికీ తెలుసు. ఆవిడ ఒకసారి కూర్చుందంటే పక్కవాళ్ళు బుట్టలు సర్దుకోవాలి. బేబి బడిలో టీచరు, ఈదురు గాలి వేస్తే గుమ్మం దాటని మనిషి. ఎటొచ్చీ మధ్యస్తంగా ఉండేవాళ్ళకే చాలాకాలం మనిషి దొరకలేదు. పాపం, వాళ్ళు రాజులమ్మలో ఈదేవారు, లేకపోతే బేబిలో ఇరుక్కునేవారు.

తొంభై ఆరులో విజయనగరం నుంచి నీలవేణి అనే నర్సు ఆసుపత్రికి కొత్తగా వచ్చింది. నైటీ కోసం కొట్లో అడుగుపెట్టగానే అన్నపూర్ణమ్మ ఆ భుజం నుంచి ఈ భుజం దాకా జానతో కొలిచి, "ఇన్నాళ్ళకి దొరికేవమ్మా!" అంది కళ్ళనీళ్ళతో. ఊరికి నర్సు దొరికినందుకు కాబోలనుకుని నీలవేణి పొంగిపోయింది.

ఆ పొంగు పై శుక్రవారం సోంబరు కొట్టుకి వచ్చేదాకానే ఉంది. సోంబరు కొండ మీద కాఫీ తోట చేసుకునే మనిషి. నీలవేణి పిన్నీసులు ఏరుకుంటుండగానే వచ్చి, "అన్నపూర్ణమ్మా, నాకు నీలవేణి కావాల" అన్నాడు.

"ఎర్రదా, పచ్చదా?" అంది అన్నపూర్ణమ్మ.

నీలవేణి గిర్రున తిరిగింది. "ఏం కూశావ్?"

"నాకు కాదు సిస్టరమ్మా, మా కనకకి" అన్నాడు సోంబరు, ఏమాత్రం తొణక్కుండా. "పోయినేడు బేబిని తీసికెల్తే సిరిగిపోనాది."

నీలవేణి ఆరోజు కొట్లో తాండవమాడింది. నా పేరు తీసేస్తారా లేదా అంది. అన్నపూర్ణమ్మ దిగులుగా చూసింది. "తీసెత్తాను గానీ, నీ సైజోళ్ళందరూ ఏటైపోవాలమ్మా? గుడ్డల్లేకుండా తిరగమంటావా?"

ఇంక అక్కణ్ణుంచి నీలవేణికి ఊళ్ళో చెవులు పెట్టుకుని బతికే వీల్లేకపోయింది. ఇంజక్షన్ల వరసలో నిలబడ్డవాళ్ళు, "నీలవేణి ఒక్క ఉతుక్కే ఎలిసిపోనాది" అని ఒకరంటే, "నాది పిగిలిపోనాది, కుట్టించుకోవాల" అని ఇంకొకరనేవారు. మొదట్లో మండిపడింది. తరవాత అలవాటైంది. ఆ తరవాత, ఎవరికీ చెప్పలేదు గానీ, కొంచెం గర్వం కూడా వచ్చింది. ఎవరైనా "నాదీ నీలవేణే" అంటే ఎగాదిగా చూసి, "నీకా?" అనేది.

మూడో ఏడు వానల్లో ఊరందరికీ మలేరియా మాత్రలు పంచిన నర్సుకే మలేరియా వచ్చింది. ఒకసారి తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. క్వార్టర్లో ఒంటరిగా మూలుగుతుంటే అన్నపూర్ణమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, పట్టుకొచ్చింది. వచ్చిన మనిషి నుదురు ముట్టుకుని చూస్తుందనుకుంటే, ముందు భుజాలకి జాన పెట్టింది.

"ఇక్కడ ప్రాణం పోతుంటే కొలతలేంటండీ?" అంది నీలవేణి నీరసంగా.

"అలవాటమ్మా. నువ్వు తాగు, బేగి తాగు."

జ్వరం పోయింది గానీ పోతూ పోతూ మనిషిని సగం పట్టుకుపోయింది. చేతికి గాజులు నిలవడం లేదు. ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ, "అయ్యో సిస్టరమ్మా, సగమైపోనావు!" అనేవారు. బరువు తూచే మిషనున్న గదిలోకి వెళ్ళడమే మానేసింది. ఆ అడవిలో చచ్చిపోతావు, బదిలీ పెట్టుకుని వచ్చెయ్ అని అమ్మ కబురు మీద కబురు పంపింది. నీలవేణికీ అదే నిజమనిపించింది. పెద్దాఫీసరుని కలవడానికి విశాఖపట్నం వెళ్దామంటే పాత బట్టలు ఒంటిమీద దండేనికి ఆరేసినట్టున్నాయి.

కొట్టు మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. అన్నపూర్ణమ్మ చెయ్యి కింది అరలోకి వెళ్తుందేమోనని భయం. బేబిని తీసి చేతిలో పెట్టిందంటే ఇంక తన పని అయిపోయినట్టే. ఈ ఊళ్ళో నీలవేణి అంటే మిగిలేది అరలో గుడ్డలే, తను కాదు.

"ఏటి కావాలమ్మా?"

"డ్రెస్సు. నీలవేణే... ఇప్పుడు నాకు సరిపోతుందంటారా?"

"నీలవేణికి నీలవేణి సరిపోకపోతే ఇంకెవులికి సరిపోతాది?" అని అన్నపూర్ణమ్మ మధ్య అరలోంచే తీసి విసిరింది.

నీలవేణి కర్టెన్ వెనక్కి వెళ్ళి, కళ్ళు మూసుకుని తొడుక్కుంది. కళ్ళు తెరిస్తే భుజాల దగ్గర భుజాలున్నాయి, నడుం దగ్గర నడుముంది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. సంతోషంతో ఏడుపొచ్చింది.

"మరి అందరూ చిక్కిపోయానంటున్నారే?"

"పాత గుడ్డలు ఉతికి ఉతికి సాగిపోతాయమ్మా. కంపెనీలోళ్ళ మోసం."

నర్సింగ్ చదివిన మనిషి ఆ మాట నమ్మింది. నమ్మాలని ఉన్నప్పుడు చదువు అడ్డం రాదు. ఆ డ్రెస్సుతో విశాఖపట్నం వెళ్ళలేదు, ఆసుపత్రికి డ్యూటీకి వెళ్ళింది. ఆకలి తిరిగొచ్చింది. కొట్టుకి వెళ్ళినప్పుడల్లా నీలవేణి సరిపోతూనే ఉంది. బదిలీ మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్నేళ్ళు గడిచాయి. నీలవేణికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకరోజు సోంబరు పెళ్ళాం కనక చంటిదానికి టీకా వేయించడానికి వచ్చి, మాటల్లో అంది: "నీకు జొరమొచ్చిన ఏడు నాను నీలవేణి కాదు సిస్టరమ్మా, రాజులమ్మని."

"అదేంటే?"

"ఆ ఏడు అన్నపూర్ణమ్మ మమ్మల్నందర్నీ పైఅరకి ఎక్కించీసింది గదా. బేబి గుడ్డలన్నీ నీ అరలో ఎట్టింది. బేబి టీచరమ్మకి బడిలో సిన్న గుంటల గౌన్లు సూపిత్తే, ఆయమ్మ ఏడుసుకుంట ఎల్లిపోనాది. రాజులమ్మకైతే అరే నేదు, ఆ ఏడల్లా సీరలే కట్టింది. ఎవులూ సెప్పకండి, సిస్టరమ్మ కోలుకుంటే మల్లా దింపుతానంది. నువ్వు కొంచిం ఒళ్ళు సేసినప్పుడల్లా మేం కొంచిం కొంచిం దిగేం."

నీలవేణి సిరంజి పక్కన పెట్టింది. తన ఒక్కదాని గుండె నిలబెట్టడానికి లోయ లోయంతా అరలు మారిందన్నమాట. ఒక్కరంటే ఒక్కరు నోరు జారలేదు.

సాయంత్రం కొట్టుకి వెళ్ళింది. అన్నపూర్ణమ్మ కొత్త మూట విప్పుకుని లేబుళ్ళు కత్తిరిస్తోంది.

"నాకు జ్వరం వచ్చిన ఏడు మీరు..." అని మొదలెట్టింది నీలవేణి.

"ఆ ఏడా? ఆ ఏడు కంపెనీలోళ్ళు సైజులన్నీ మార్సేసేరమ్మా. ఎదవలు" అంది అన్నపూర్ణమ్మ తల ఎత్తకుండా.

నీలవేణికి అడగాల్సింది ఇంకేమీ మిగల్లేదు. "సరే, నాకో నీలవేణి ఇవ్వండి" అంది.

అన్నపూర్ణమ్మ అప్పుడు తల ఎత్తింది. ఇద్దరు పిల్లల తల్లి భుజాలకేసి ఒకసారి, నడుంకేసి ఒకసారి చూసింది. మధ్య అరకి వెళ్తున్న చెయ్యి ఆగి, మెల్లిగా పై అరకి పాకింది.

"నిన్ననే అరలు సర్దేను. ఇప్పుడు నీలవేణి ఇక్కడుంది."

అరుగు మీద పసుపు బుట్ట దించుకుని కూర్చున్న రాజులమ్మ లోపలికి తొంగి చూసింది.

"అయితే మల్లా నాకు సీరలేనేటి?"