ఎర్రనేల మీద పక్కు

ఉదయం ఆరూ పదికి అమ్మ గంజి సట్టి అడుగు గీకడం మొదలుపెట్టింది. అది నాయన పోయిన నాలుగో రోజు. మూడు రోజులూ చుట్టాల ఇళ్ళ నుంచి వచ్చిన అన్నమే తిన్నాం. ఆ పొద్దున మళ్ళీ మా పొయ్యి వెలిగింది. సజ్జ గంజి మీద ఎవరికీ ధ్యాస లేక అడుగంటింది.

అమ్మ గరిటె ఆపి, గోరంత మాడు పెళ్ళను వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది.

"సేను గూడా ఈపాటికి ఇట్లే బిగుసుకొని ఉంటుంది" అంది.

మా ఇంటి తెలుగులో దీన్ని పక్కు అంటాం. మోకాలి దెబ్బ మీద ఎండి గట్టిపడేదీ పక్కే. ఉప్పునీళ్ళు కాచే అండా లోపల తెల్లగా పేరుకునేదీ పక్కే. వాన వెలిశాక ఎండకు నేల మీద బిగుసుకునే పొర కూడా అదే. నేను పెళ్ళయి విరుదునగర్‌లో ఉంటున్నాను, అక్కడ బడి టీచర్ని, తమిళంలో పాఠాలు చెప్తాను. తెలుగు చదవడం పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నాను. పుస్తకాల్లో వీటికి వేరే వేరే మాటలు కనిపించాయి. మాకు ఒకటే సరిపోయేది, ఏ పక్కును ఏం చెయ్యాలో తెలిస్తే చాలు. చిన్నప్పుడు నా మోకాలు చూసి నాయన చెప్పేవాడు: "సట్టిది నానబెట్టు. పుండు మీదిది ముట్టొద్దు. నేలది మాత్రం నిలవనియ్యొద్దు."

కోవిల్పట్టికి తూర్పున మా ఊరు. చుట్టూ నల్లరేగడి. రేగడి ఎండితే తనంతట తానే పగులుతుంది, మొలకకు దారి ఇస్తుంది. మా చేను పడమటి వైపు రెండెకరాలు మాత్రం ఎర్రనేల. విత్తిన వెంటనే గట్టి వాన పడి, ఆపైన ఎండ కాస్తే, అప్పడమంత మందాన పొర కట్టుకుంటుంది. దాని కింద మొలక పైకి రాలేక వంకర తిరిగి, మట్టిలోనే ఆకు విప్పి, పసుపుపచ్చగా చచ్చిపోతుంది.

నాయన ఆ రెండెకరాల్లో సజ్జ విత్తిన మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు. లేవలేదు. దహనం చేసి వచ్చిన సాయంత్రం వాన దంచింది. తర్వాత రెండు రోజులు ఎండ. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఆయన చల్లిన విత్తనం ఒక్కటీ బయటికి రాదు. అమ్మ ఆ మూడు రోజులు ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ పొద్దున మాత్రం అడిగింది.

"ఆయన సేత్తో ఇడిసిన కడసారి ఇత్తనం. అది మొలవాల."

నాయనకు తలకొరివి పెట్టిన నా తమ్ముడు లేచాడు. అరుగు మీద కూర్చున్న పెదనాయన, మా నాయన అన్న, చేయి అడ్డం పెట్టాడు.

"కొల్లి పెట్టినోడివి. పదారో నాడు దాకా సేన్లో కాలు పెట్టరాదు."

"కూలికి పిలుస్తా."

"ఎవుర్ని పిలుస్తావు? వాన మన సేన్లోనే పడిందా? అందురూ వాళ్ళ వాళ్ళ సేన్లలో ఉండారు. మిగిలినోళ్ళంతా మన పంగాళ్ళు. నీకుండే తీట్టే వాళ్ళకీ."

పంగాళ్ళంటే దాయాదులు, తీట్టంటే మైల. తమ్ముడు స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. అమ్మ లోపలి నుంచి, గడప దాటకుండా అడిగింది.

"బావగారూ, కట్టిచ్చి అత్తింటికి పంపిన ఆడపిల్లకు ఎన్ని నాళ్ళు తీట్టు?"

"మూడే."

"ఈ పొద్దు నాలుగు."

పెదనాయన నా వైపు చూశాడు. నవ్వు వస్తే మీసం సర్దుకున్నాడు. తమ్ముడు ఆపుకోలేకపోయాడు.

"అక్కా, సాక్‌పీసు పట్టే సెయ్యి నీది. కంప లాగుతావా?"

"నువ్వు కూసోని సూడు" అన్నాను.

"కూసోనే గదా ఉండాను."

మూడు రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

కంప లాగడం అంటే ఇది. ఆంధ్రలో సర్కారు తుమ్మ అనే చెట్టు మండలు మూడు నాలుగు కలిపి కట్టి, పైన బరువుకు ఒక రాయి పెట్టి, తాడుతో చేను మీద మెల్లగా ఈడ్చాలి. ముళ్ళు పొరను గీరుతాయి, మొలకను పెరకవు. మాకు ఎద్దులు పోయి చాలా ఏళ్ళయింది. ఎర్రనేల వరకు నాయనే తాడు భుజానికి వేసుకుని లాగేవాడు. చిన్నప్పుడు నేను వెనకే నడిచి, ఒక్కో చోట కూర్చుని, మొలకలు లేచిపోతున్నాయా అని చూసి చెప్పేదాన్ని. రాయి ఎంతది అన్నది ఎప్పుడూ చూడలేదు.

అందుకే తప్పు చేశాను. తేలిక రాయి అయితే పక్కు పగలదేమోనని గట్టు మీద ఉన్న వాటిలో పెద్దది ఎత్తి పెట్టాను. మొదటి వరస ఆ చివరిదాకా లాగి తిరిగి చూస్తే, తెల్లటి వేళ్ళతో మొలకలు పైన పడి ఉన్నాయి. కాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత ఆ రాయి తీసేసి, కొబ్బరికాయంత రాయి పెట్టి, పది అడుగులు లాగి, వంగి చూశాను. పొర ముక్కలు ముక్కలుగా విరిగింది. ఒక ముక్కను గోటితో ఎత్తితే కింద మొలక వంగి ఉంది, ఇంకా తెల్లగానే ఉంది. మధ్యాహ్నం మూడింటికి రెండెకరాలు అయింది. భుజం మీద తాడు ఒరుసుకున్న చోట చర్మం లేచింది. వారానికి అక్కడ పక్కు కట్టింది. నేను ముట్టలేదు.

రెండో రోజుకి చేను సూదులు గుచ్చినట్టు పచ్చబడింది. అమ్మకు చెప్పాను. ఆమె చూడటానికి పోలేదు, కార్యం దాకా గడప దాటకూడదు. "అంతా వచ్చిందా?" అని అడిగింది. ఒక్క వరస తప్ప అన్నాను. "ఒక్క వరసా?" అని, తల ఊపి, ఆ పూట అన్నం పూర్తిగా తినింది.

పదహారో రోజు కార్యం అయ్యాక తమ్ముడు తడి పంచెతోనే చేనికి పోయాడు. తిరిగి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఆ మొదటి వరస ఎవురక్కా మేసింది?"

"సాక్‌పీసు" అన్నాను.

ఆ ఏడు సజ్జ బాగానే పండింది. కొత్త గింజలతో అమ్మ గంజి కాచింది. ఈసారి పక్కనే కూర్చుని కలుపుతూ ఉంది, అడుగంటలేదు.

తర్వాత రెండేళ్ళకు తమ్ముడు ఆ ఎర్రనేలలో నిమ్మ పెట్టాడు, ఇప్పుడు చెట్టు మొదట్లోకి పైపులతో నీళ్ళు ఇస్తున్నాడు. వాన పడ్డాక చెట్ల నడుమ పక్కు ఇప్పటికీ కడుతుంది. దాని కింద విత్తనం ఏమీ లేదు కాబట్టి, ఎవరూ కంప లాగరు.