ఖోఖో నేల మీద హెలిప్యాడ్

మైదానం అంటే ఊళ్ళో వాళ్ళందరికీ ఖాళీ స్థలం. ఖాళీగా కనిపిస్తే చాలు, దాంట్లో ఏదో ఒకటి తెచ్చి పెట్టేదాకా కొందరికి నిద్ర పట్టదు. కర్ణాటక సరిహద్దులో బాగేపల్లిలో కొన్నేళ్ళు, చింతామణిలో కొన్నేళ్ళు ఆటల మైదానం తాళాలు నా చేతిలో ఉండేవి. ఈ సంగతి ఆ రెండింటిలో ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పను. చెబితే రెండో ఊరివాళ్ళు హాయిగా నవ్వుకుంటారు. వాళ్ళకు ఆ సుఖం నేనెందుకివ్వాలి?

నా ఉద్యోగానికి పేరు గొప్పది. పని మాత్రం పొద్దున తాళం తీయడం, రాత్రికి వేయడం, మధ్యలో తిట్లు తినడం. తెల్లవారగానే నడవడానికి వచ్చే పెద్దమనుషులు లైటు వెలగలేదని తిడతారు. యోగా చేసేవాళ్ళు ఆ నడిచేవాళ్ళ కబుర్లు చెవిన పడుతున్నాయని తిడతారు. క్రికెట్ కుర్రాళ్ళు ఈ ఇద్దరూ అడ్డమని తిడతారు. పార్టీ సభ జరిగిన మర్నాడు నీళ్ళ ప్యాకెట్లు ఏరించేది నేను. ఎగ్జిబిషన్ వాళ్ళు రంగులరాట్నం కోసం తవ్విన గుంతలు పూడ్పించేది నేను. ఎండాకాలం పిల్లల శిబిరం పెడితే మొదటిరోజు ఫొటోకు వచ్చిన అధికారులే చివరిరోజు ఫొటోకూ వచ్చేవాళ్ళు. మధ్యలో పిల్లలకు తాగడానికి నీళ్ళున్నాయా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

అంత మైదానంలోనూ నేను ఇష్టపడి చేయించింది ఒక్కటే, ఖోఖో నేల. ఆడపిల్లల జట్టు కోసం చేయించాను. ఖోఖోకు మెత్తటి నేల కావాలి. తరిమే పిల్ల ఎంత పరుగెత్తినా ముందున్న పిల్ల చిక్కకపోతే, చివరికి చేయి చాచి ఒళ్ళంతా ముందుకు విసిరి దూకుతుంది. బోర్లా నేలమీద పడుతుంది. పడుతూ పడుతూ కొనవేళ్ళు తగిలించిందంటే అవతలి పిల్ల అవుట్. నేల గట్టిదైతే ఎవరూ దూకరు. ఆ దూకడం లేకపోతే ఖోఖో ఒట్టి పరుగు పందెం.

మా మైదానం పుట్టుకతోనే మొరపనేల. మోకాలు ఆనిస్తే చర్మం లేచిపోతుంది. మా జట్టు కెప్టెన్ పిల్లది పక్క పల్లె. వాళ్ళ నాయనకు ట్రాక్టర్ ఉంది. వాళ్ళ ఊరి చెరువులో పూడిక తీస్తున్నప్పుడు ఆయన మాకు ఒండ్రుమట్టి తోలిపెట్టాడు.

"చేనుకు తోలేది ఇడిసిపెట్టి ఆటకు తోలుతాండావా అని మా అన్నదమ్ములు నవ్వుతాండారమ్మా" అన్నాడు మట్టి దించుతూ.

"నవ్వనీ అప్పా. రేపు నీ బిడ్డ పేరు పేపర్లో చూసి వాళ్ళే చెప్పుకుంటారు మా పిల్లే అని" అన్నాను.

ఒండ్రులో ఎర్రమట్టి కలిపాం. పిల్లలూ నేనూ కూర్చుని జల్లెడ పట్టాం. రాళ్ళు ఏరాం, నీళ్ళు చల్లాం, తిరగేశాం, మళ్ళీ చదును చేశాం. ఒక వానాకాలమంతా అదే పని. దానిమీద బూట్లతో నడిచినవాళ్ళను ఎంతటివాళ్ళయినా అరిచి అవతలికి పంపేదాన్ని. నాకు నోరెక్కువని ఊళ్ళో పేరు. ఉండనీ, అబద్ధం కాదు కదా.

ఆ కెప్టెన్ పిల్ల దూకడం చూసి తీరాలి. పరుగులో ఉన్నది ఉన్నట్టే నేలను వదిలేసేది. పడ్డాక మట్టి కొట్టుకుపోయిన మొహంతో లేచి నవ్వేది. దసరా పోటీలకు జిల్లా కేంద్రం చిక్కబళ్ళాపురం పోవాలి. అక్కడ జిల్లా జట్టుకు ఎంపికైతే క్రీడా హాస్టల్లో సీటు ఇస్తారు. తిండి, చదువు, ఆట అన్నీ అక్కడే. వాళ్ళ నాయన ఉన్నమాట ముందే చెప్పాడు.

"సీటు వస్తే పంపిస్తానమ్మా, నా మాటకు తిరుగులేదు. రాకపోతే మాత్రం ఇంట్లో పట్టుపురుగుల పని ఉండనే ఉండాది. కూలోళ్ళు దొరికేది లేదు. ఆకు కోసేకి మనిషి కావల్ల."

కాబట్టి ఆ పిల్లకు దసరా అంటే పండగ కాదు.

ఆ సంవత్సరం పోటీలకు కొన్ని నెలల ముందు, రెండు రోజులకని దిబ్బూరహళ్ళిలో మా పుట్టింటికి పోయి వచ్చాను. వచ్చేసరికి ఖోఖో నేల లేదు. దాని నడిమధ్యన గుండ్రంగా కాంక్రీటు పోసి, పైన తడి గోనెపట్టాలు కప్పి ఉంచారు. పక్కనే కుర్చీ వేసుకుని పని చేయిస్తున్న కుర్ర ఇంజనీరు టీ తాగుతున్నాడు.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"హెలిప్యాడ్ మేడం. పెద్దోళ్ళు వస్తాండారు, సభ ఉండాది. దుమ్ము లేవకూడదని పక్కాగా పోయమన్నారు."

"ఇంత మైదానంలో మీకు ఇదే దొరికిందా?"

"మిగతాదంతా రాళ్ళు మేడం. ఈడ నేల సమంగా ఉండాది, తవ్వేకి మెత్తగా ఉండాది. ఎవరో బాగా చదును చేసి పెట్టినారు" అన్నాడు. వెక్కిరింపు కాదు, పాపం, మెచ్చుకోలుగానే అన్నాడు.

అంటే మేం జల్లెడ పట్టి ఏరిన ప్రతి రాయీ వాళ్ళ పని తేలిక చేయడానికి ఏరామన్నమాట. మొరపనేలగానే వదిలేసి ఉంటే ఎవరూ దాని జోలికి వచ్చేవాళ్ళు కాదు. మంచిగా చేసిపెట్టిందే మా కొంప ముంచింది.

హెలికాప్టర్లో దిగాల్సిన పెద్దాయన సభకు వచ్చాడు. కారులో వచ్చాడు. ఇంత నున్నటి హైవే ఉండగా హెలికాప్టర్ ఎందుకని ఆయనకే తోచిందట. వేదిక మీద క్రీడల గురించి చాలాసేపు మాట్లాడాడు. యువత మైదానాలకు రావాలన్నాడు. నేను వెనక నిలబడి విన్నాను. చప్పట్లు కొట్టలేదు, అంతకుమించి ఏమీ చేయలేకపోయాను.

మర్నాడే తాలూకా కచేరికి పోయాను. ఆ కాంక్రీటు పగలగొట్టించండి, మట్టి మేమే తెచ్చుకుంటాం అన్నాను.

"పగలగొట్టేకి ఆదేశం లేదమ్మా. అనుదానం డబ్బు ఖర్చుపెట్టి కట్టింది. ఇప్పుడది సర్కారు ఆస్తి" అన్నాడు అధికారి.

"దానిమీద హెలికాప్టర్ దిగలేదు కదండీ."

"రేపు దిగొచ్చు. మీరు ఇంకో పక్క ఆడించుకోండి. స్థలం ఉండాది కదా."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఎన్నిసార్లు పోయినా ఇదే మాట. చివరికి ఆయన గుమాస్తా నన్ను చూడగానే సాహెబ్రు మీటింగులో ఉండారని చెప్పడం నేర్చుకున్నాడు. పొద్దున నవ్వుల క్లబ్బు వాళ్ళు ఆ హెలిప్యాడ్ మీద గుండ్రంగా నిలబడి చేతులెత్తి నవ్వేవాళ్ళు. నవ్వేవాళ్ళు పోయాక ఎవరో చింతపండు ఆరబోసేవాళ్ళు. హెలికాప్టర్ తప్ప అన్నీ దిగాయి దానిమీద.

మేం గోడవారగా మొరపనేల మీదికి పోయాం. మొదటి వారమే ఆ పిల్ల అలవాటుగా దూకింది. మోచేయి మాంసం దాకా గీరుకుపోయింది. కంకర ముక్కలు సూదితో తీస్తుంటే పళ్ళు బిగబట్టి కూర్చుంది. రెండోసారి దూకినప్పుడు గడ్డం పగిలింది. ఆ తర్వాత ఎవరూ దూకలేదు. దూకవద్దని నేను చెప్పలేదు, దూకమనడానికి నోరు రాలేదు. ఒక్కొక్కరే దగ్గరిదాకా పోయి ఆగి చేయి చాచడం మొదలుపెట్టారు. పోటీల్లో అంతా సరిపోతుందిలే, అక్కడ మెత్తటి మట్టి ఉంటుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

చిక్కబళ్ళాపురంలో నిజంగానే మట్టి బాగుంది. అడుగు పెడితే పాదం దిగుతోంది. మా ఆట గౌరిబిదనూరు పిల్లలతో పడింది. వాళ్ళు ఎగిరి దూకుతున్నారు, పడుతున్నారు, దులుపుకుని లేస్తున్నారు. మా పిల్లలు గాలిలా పరుగెత్తి, తీరా అందే సమయానికి నిలబడిపోతున్నారు. గీత బయటినుంచి దూకు, దూకు అని గొంతు చించుకున్నాను. కెప్టెన్ పిల్ల ఒకసారి మోకాళ్ళు వంచింది కూడా. అంతే, ఆగిపోయింది. ఓడిపోయాం. జిల్లా జట్టును ఎంపిక చేసే ఆయన తన పక్కవాడితో కన్నడంలో అన్నాడు, "కాలిదె, ధైర్య ఇల్ల" అని. కాళ్ళున్నాయట, ధైర్యం లేదట. నాకు ఆయన చొక్కా పట్టుకోవాలనిపించింది. కానీ ఆయన చూసినదే చెప్పాడు. ఇది చూడాల్సిన అధికారులు మా ఊళ్ళో మీటింగులో ఉన్నారు.

మిగతా జట్లు వెళ్ళిపోయాక, మా పిల్లలు సంచులు సర్దుకుంటుంటే, ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"మేడం, మీరు ఆ పోలు తావ నిలబడండి. ఒక తూరి చూస్తా."

పోయి స్తంభం పక్కన నిలబడ్డాను. అవతలి స్తంభం దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చింది. ఆ పరుగులో ఏ లోపమూ లేదు. నా ముందు కొంచెం దూరంలో ఠక్కున ఆగి, ముందుకు ఊగి, చేయి చాచింది. తగల్లేదు. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"దూకల్లనే వస్తాండా మేడం" అంది వగరుస్తూ. "ఒళ్ళే ముందుకు పోతా లేదు."

ఇంకోసారి పోయింది. నేను పారిపోయే ఆటగత్తెను కాదు, తప్పించుకునే ఉద్దేశమూ లేదు. కదలకుండా నిలబడే ఉన్నాను. అయినా ఆ చేయి నన్ను అందుకోలేదు.